కంటి కణితి, మెల్లకన్ను: రెండు చికిత్సల చరిత్ర

మెల్లకన్ను అదృష్టచిహ్నమని మన పెద్దలు చెప్పగా పాఠకులలో చాలమంది వినియుందురు. ఉయ్యాలలోని బిడ్డ కన్ను కొంచెము ప్రక్కకు తిరిగియున్నచో, తల్లి కలత చెందకుండ చుట్టుప్రక్కలవారు ఈ మాట చెప్పి ఓదార్చుట నేటికిని కలదు. ఓదార్పు మంచిదే. కాని వైద్యశాస్త్రము దీనికి విరుద్ధమైన పాఠమును చెప్పుచున్నది. పసిబిడ్డల కంటిలో రెటినోబ్లాస్టోమా యను కాన్సరు కణితి యొకటి పుట్టును. సుమారు 15,000 నుండి 20,000 జననములకు ఒక శిశువున కిది వచ్చును. వీరిలో అత్యధికులకు అయిదేండ్లు నిండకముందే వ్యాధి బయటపడును. దీని గుర్తులలో మొదటిది కంటిపాపలో పిల్లికన్నువలె తోచు తెల్లని మెరుపు. రెండవది మెల్ల. మెల్లకన్ను గల పిల్లలలో ఈ కణితి గలవారు బహుకొద్దిమంది మాత్రమే. కాని ఈ కణితి గల పిల్లలలో సుమారు అయిదింట ఒకవంతు మంది మొదట మెల్లకన్నుతోనే వైద్యుని యొద్దకు వచ్చుచున్నారు.

కణితికి చికిత్స జరిగి, ప్రాణము దక్కి, కన్నును దక్కినదనుకొందము. మెల్ల మాత్రము మిగిలిపోయినది. బిడ్డ బడికి పోవు వయస్సు వచ్చినది. ఇప్పుడు ఆ మెల్లను సరిచేయవచ్చునా? ప్రశ్న చూచుటకు సులభమైనది. మెల్లకన్ను శస్త్రచికిత్స పుట్టి 180 ఏండ్లు దాటినది. అయినను ఈ పిల్లల విషయమున వైద్యులు చాలకాలము వెనుకాడిరి. వారట్లు వెనుకాడుటకు కారణమేమో, ఆ సంకోచము క్రమముగా ఎట్లు సడలినదో తెలియవలెనన్నచో రెండు చికిత్సల చరిత్రలను ప్రక్కప్రక్కన పెట్టి చదువవలెను.

కన్ను ప్రక్కకు ఏల తిరుగును?

ఒక చిన్న ప్రయోగము చేసి చూడుడు. దూరమున నున్న దీపమును రెండు కన్నులతో చూచుచు, ఒక కంటి రెప్పపై బయటి కొసవద్ద వ్రేలితో మెల్లగా నొక్కుడు. దీపములు రెండుగా కనబడును. వ్రేలు తీయగనే రెండును ఒకటియగును. దీనినిబట్టి రెండు కన్నులును ఒకే వస్తువుపై సరిగా గురిపెట్టినప్పుడే మెదడు రెండు ప్రతిబింబములను కలిపి ఒక్కటిగా గ్రహించునని తెలియుచున్నది.

కనుగ్రుడ్డును త్రిప్పుటకు ప్రతి కంటికిని ఆరు కండరములు కలవు. గుఱ్ఱమును కళ్లెపు వారులు త్రిప్పినట్లు ఇవి కంటిని త్రిప్పును. వీనిలో నాలుగు నిటారు కండరములు; రెండు ఏటవాలువి. ముక్కువైపున నున్న నిటారు కండరము కంటిని లోపలికి లాగును. కణతవైపు నున్నది బయటికి లాగును. ఈ లాగుడులను సరితూచునది చూపే. రెటీనా యను నేత్రపటలము నడుమ పచ్చచుక్క యను చిన్న స్థానము కలదు. అక్షరములు చదువుట, ముఖములు గుర్తించుట మొదలగు సూక్ష్మదృష్టి యంతయు దానిదే. కన్ను ఒక వస్తువుపై గురిపెట్టినదనగా ఆ వస్తువు ప్రతిబింబము పచ్చచుక్కపై పడినదని యర్థము. ఏ కారణము చేతనైనను పచ్చచుక్క చెడినచో ఆ కంటికి గురి యుండదు. గురి లేని కన్ను కట్టు విప్పిన పడవవలె ప్రక్కకు జరుగును. కణితి పచ్చచుక్కపై లేచిన బిడ్డకు మెల్ల వచ్చుట ఇందువలననే.

ముసుగుల నుండి కత్తి వరకు

మెల్లకన్ను తరతరములకు వచ్చునని ప్రాచీన గ్రీకు వైద్యులు గమనించిరి. ఏడవ శతాబ్దమున పౌలస్ అను వైద్యుడు మెల్లకన్ను గల పిల్లల ముఖమునకు ముసుగు కట్టి, అందు రెండు రంధ్రములు చేసి, వానిగుండా మాత్రమే చూడనిచ్చినచో కన్నులు దారికి వచ్చునని వ్రాసెను. 1583లో జర్మనీ దేశపు బార్టిష్ తన నేత్రవైద్యగ్రంథమున ఇట్టి ముసుగుల బొమ్మలను అచ్చువేసెను. కన్ను తిరుగుటకు కారణము తెలియనంతవరకు ముసుగే మందు.

1743లో ప్రకృతిశాస్త్రజ్ఞుడైన బఫన్ ఈ విషయమునకు మొదటిసారి శాస్త్రీయమైన దారి చూపెను. మెల్లకంటిలో తరచు చూపు తక్కువగా నుండునని ఆయన గుర్తించి, మంచికంటిని కొంతకాలము మూసియుంచినచో రెండవ కన్ను పనిచేయుట నేర్చునని చెప్పెను. నేటికిని పిల్లల కంటికి అంటించు పట్టీ బఫన్ చెప్పిన ఉపాయమే.

1838లో స్ట్రోమేయర్ అను జర్మను వైద్యుడు మృతదేహముపై పరీక్షించి, బిగిసిన కండరమును కోసినచో కన్ను తిరిగి నడిమికి రాగలదని సూచించెను. 1839 అక్టోబరు 26వ తేదీన బెర్లినులో డిఫెన్‌బాఖ్ ఏడేండ్ల బాలునకు ముక్కువైపు కండరమును కోసి కంటిని సరిచేసెను. నాటికి మత్తుమందు లేదు. ఈథరు 1846లో, క్లోరోఫారము 1847లో గాని వాడుకలోనికి రాలేదు. అంత చిన్న బాలుడు ఆ బాధ నెట్లు సహించెనో మనము ఊహించుకొనవలసినదే.

వార్త దావానలమువలె యూరపు అంతటను వ్యాపించినది. రెండు మూడేండ్లలో వందలకొలది శస్త్రచికిత్సలు జరిగినవి. కాని త్వరలోనే దోషము బయటపడెను. కోసిన కండరము వెనుకకు జారి, ఎక్కడ అంటుకొనునో ఎవరికిని తెలియదు. లోపలికి తిరిగిన కన్ను కొన్ని నెలలకు బయటికి తిరిగి నిలిచిపోయిన రోగులు అనేకులైరి. ఒక వంకర పోయి రెండవ వంకర వచ్చినది. ఫాన్ గ్రేఫె మొదలగువారు కోతను తగ్గించి, మెలకువతో చేయుట నేర్పిరి. 1864లో హాలెండు దేశపు డాండర్స్, దూరదృష్టి గల పిల్లలు కంటిని మితిమీరి శ్రమపెట్టుటచేతనే తరచు మెల్ల వచ్చుచున్నదని నిరూపించి, అట్టివారికి కత్తి బదులు కళ్లజోడు చాలునని చూపెను.

కోసిన కండరమును అదుపులో నుంచు ఉపాయము 1922లో గాని స్థిరపడలేదు. అమెరికాలోని బ్రూక్లిన్ వైద్యుడు జేమ్సన్, కండరమును మొదటి అతుకువద్ద వేరుచేసి, కొలిచిన దూరమున వెనుకకు జరిపి, కనుగ్రుడ్డు గోడకే కుట్టివేయు పద్ధతిని ప్రకటించెను. ఇక కండరము ఇష్టము వచ్చినచోటికి జారదు. అవసరమైనచో ఎదుటి కండరమును కొంత కత్తిరించి పొట్టిచేయుదురు. ఒక మిల్లీమీటరు ఎక్కువతక్కువలను కూడ లెక్కించి చేయు నేటి శస్త్రచికిత్సకు పునాది ఆ కుట్టే. పాఠకులు ఈ కుట్టును జ్ఞాపకముంచుకొందురు గాక. మన కథలోని చిక్కు దీనియందే కలదు.

కణితి చరిత్ర

రెండవ చరిత్ర యింతకంటె దుఃఖకరమైనది. 1597లో హాలెండు దేశపు పావ్ అను శరీరశాస్త్రజ్ఞుడు, మూడేండ్ల బిడ్డ కంటిలో పుట్టి పెద్దదై ప్రాణము తీసిన కణితిని వర్ణించెను. రెండు వందల ఏండ్ల వరకు ఈ వ్యాధిని గూర్చి చెప్పదగిన అభివృద్ధి లేదు. 1809లో స్కాట్లండు శస్త్రవైద్యుడు జేమ్స్ వార్డ్రాప్, ఇట్టి కన్నులను కోసి పరిశీలించి, కణితి నేత్రపటలమునుండియే పుట్టుచున్నదని చెప్పెను. అది కన్ను దాటకముందే కన్నును తీసివేసినచో బిడ్డ బ్రదుకగలదని కూడ ఆయన వాదించెను. మత్తుమందు లేని కాలమున, బయటినుండి లోపలి కణితి కనబడని కాలమున ఈ సలహా ఆచరణలో పెట్టుట దుస్సాధ్యము.

1851లో హెల్మ్‌హోల్ట్జ్ ఆఫ్తాల్మోస్కోపును లోకమునకు వెల్లడించెను. సజీవమైన కంటిలోనికి వెలుగు పంపి నేత్రపటలమును చూచుట సాధ్యమైనది. అప్పటికే క్లోరోఫారము కలదు. ఒకటి కణితిని త్వరగా చూపెను. రెండవది కన్నును నొప్పిలేకుండ తీయనిచ్చెను. వార్డ్రాప్ మాట అప్పుడు ఫలించినది. 1864లో విర్కో దీనిని గ్లయోమా అని పిలిచెను. రెటినోబ్లాస్టోమా యను పేరును అమెరికా నేత్రవైద్యసంఘము 1926లో అంగీకరించినది.

అయితే కొందరు పిల్లలకు రెండు కన్నులలోను కణితి లేచును. రెండును తీసివేసినచో ప్రాణము నిలుచును, జీవితమంతయు చీకటి. ఈ సంకటమే కన్నును దక్కించు చికిత్సలకు ప్రేరణమైనది. 1903లో టెక్సాసు రాష్ట్రపు హిల్గార్ట్‌నర్ ఎక్స్-కిరణములతో మొదటి ప్రయత్నము చేసెను. పిమ్మట న్యూయార్కులో రీస్ ఈ పద్ధతిని అభివృద్ధిపరచెను. లండనులో స్టాలార్డ్ రేడియోధార్మిక కోబాల్టు గల చిన్న పలకను కనుగ్రుడ్డుపై, సరిగా కణితి వెనుక కుట్టియుంచి, కొన్ని దినములకు తీసివేయు పద్ధతిని నడపెను. ఈయన 1924 పారిస్ ఒలింపిక్ క్రీడలలో 1500 మీటర్ల పరుగున కంచుపతకము గెలిచిన వ్యక్తియే. పలకను అమర్చుటకు అడ్డమైన కండరమును తాత్కాలికముగా వేరుచేసి, మరల కుట్టవలసి వచ్చుటయు కలదు. అట్లు మెల్లకు చికిత్సయే ఒక కారణము కావచ్చును.

1971లో అమెరికా శాస్త్రజ్ఞుడు నుడ్సన్ 48 మంది రోగుల వివరములను లెక్కవేసి, ఈ కణితి పుట్టుటకు జీవకణములో రెండు దెబ్బలు తగులవలెనని ఊహించెను. వంశపారంపర్యముగా వచ్చువారికి మొదటి దెబ్బ పుట్టుకతోనే యుండును. 1986లో ఆ జన్యువు చేతికి చిక్కినది. అట్టి పిల్లలకు బయటినుండి కిరణములు ప్రయోగించినచో పిమ్మట వేరు కాన్సరులు వచ్చు ప్రమాదము హెచ్చునని కూడ తెలిసినది. అందుచేత 1990 తరువాతి దశకమున వైద్యులు మందుల వైపునకు తిరిగిరి. కార్బోప్లాటిన్, విన్‌క్రిస్టిన్, ఎటోపోసైడు అను మందులతో కణితిని కుదించి, మిగిలినదానిని లేసరుతో కాల్చుట, గడ్డకట్టించుట ఆచారమైనది. 2006లో న్యూయార్కు వైద్యులు తొడ రక్తనాళముగుండా సన్నని గొట్టమును కంటి ధమని వరకు నడిపి, మందును అక్కడనే వదలు పద్ధతిని ప్రారంభించిరి.

ఫలితమేమి? సకాలమున చికిత్స లభించు దేశములలో నేడు 100 మందిలో 95 మందికి పైగా బ్రదుకుచున్నారు. పూర్వము తీసివేయవలసిన కన్నులు అనేకము నేడు దక్కుచున్నవి. మన హైదరాబాదులో 1987లో స్థాపింపబడిన ఎల్. వి. ప్రసాద్ నేత్రవైద్యసంస్థ ఈ వ్యాధిగల పిల్లలకు చికిత్స చేయు ప్రముఖ కేంద్రములలో నొకటి.

కన్ను దక్కినది, గురి తప్పినది

వార్డ్రాప్ కాలమున మెల్లను గూర్చిన ప్రశ్నయే లేదు. కన్ను తీసివేసిన పిదప మెల్ల యెక్కడిది? కన్ను దక్కించు చికిత్స విజయమే ఈ కొత్త ప్రశ్నను తెచ్చినది. కణితి చచ్చి, దాని స్థానమున తెల్లని మచ్చ మిగులును. మచ్చ పచ్చచుక్కపై నున్నచో కన్ను లోపలికో బయటికో తిరిగియే యుండును.

మొదట చేయవలసినది బఫన్ ఉపాయమే. మచ్చ వలన పోయిన చూపు కొంత. వాడకము లేక మెదడు విడిచిన చూపు కొంత. రెండవదానిని తిరిగి రాబట్టవచ్చును. హ్యూబెల్, వీసెల్ అను శాస్త్రజ్ఞులు 1960 దశకమున పిల్లికూనల కంటిని మూసియుంచి, శైశవమున వాడని కంటికి మెదడులో చోటు తగ్గిపోవునని చూపిరి. 1981లో వారికి నోబెల్ బహుమానము లభించినది. కావున మంచికంటికి పట్టీ వేసి చెడినకంటిచేత పనిచేయించుట చిన్నతనముననే జరుగవలెను. పచ్చచుక్కకు దెబ్బ తగిలిన పిల్లలలో కూడ కొందరికి ఇందువలన ఉపయోగకరమైన చూపు వచ్చినది.

పట్టీ చూపును పెంచును గాని, కంటిని నడిమికి తెచ్చునని నమ్మకము లేదు. పచ్చచుక్క పూర్తిగా చెడిన కన్నును శస్త్రచికిత్స చేసి నిలిపినను ఆ కంటికి సూక్ష్మదృష్టి రాదు. అట్లయిన ఆ శ్రమ దేనికి? ఉపాధ్యాయులకు దీని జవాబు చెప్పనక్కరలేదు. మెల్లకన్ను గల విద్యార్థి పేరు పిలిచి ప్రశ్న వేసినపుడు, అతడు తలవంచుకొని నేలచూపు చూచుట మనము తరగతిలో చూచియేయున్నాము. తోటిపిల్లలు పెట్టిన మారుపేరు వాని అసలు పేరును మింగివేయును. కాన్సరును జయించిన బిడ్డ ఎగతాళికి ఓడిపోవుట న్యాయము కాదు. ఇదిగాక, లోపలికి తిరిగిన కన్ను నడిమికి వచ్చినచో ప్రక్కచూపు పరిధి కొంత విస్తరించుటయు కలదు. కాబట్టి దీనిని కేవలము అందమునకై చేయు పనియని కొట్టివేయరాదు.

సూది యెదుట సంకోచము

ఇప్పుడు జేమ్సన్ కుట్టును జ్ఞాపకము చేసికొందము. కనుగ్రుడ్డుకు బయటి గోడ దృఢస్తరము. అది కంటి వెనుకభాగమున సుమారు ఒక మిల్లీమీటరు మందముండును. నిటారు కండరములు అతుకు చోటికి వెనువెంటనే దాని మందము 0.3 మిల్లీమీటరు మాత్రమే. కనుగ్రుడ్డు అంతటిలో అతి పలుచని గోడ అదియే. మెల్ల శస్త్రచికిత్సలో సూది నడువవలసినది సరిగా అక్కడనే! నేర్పరి చేతిలో సూది ఆ గోడలో సగము లోతున జారిపోవును. అరుదుగా అది లోపలికి పొడుచుకొని పోవుటయు కలదు. మామూలు కంటిలో ఇట్టి రంధ్రము సాధారణముగా పెద్ద హాని చేయక మానిపోవును.

కణితి కన్ను సంగతి వేరు. రెటినోబ్లాస్టోమా కణములు కన్నను గూటిలో నున్నంతవరకు వైద్యుని చేతిలో నుండును. అవి గోడ దాటి కంటిగుంటలోనికి వచ్చినచో ప్రాణమునకే ముప్పు. అందుచేత కణితి గల కంటిలో సూది పెట్టరాదనునది నేత్రవైద్యులు గురుశిష్యపరంపరగా నేర్చిన నియమము. ఇప్పుడు చూడుడు విచిత్రము: మెల్ల శస్త్రచికిత్సను నమ్మదగినదిగా చేసిన కుట్టే, ఈ పిల్లల విషయమున భయకారణమైనది. చచ్చినదనుకొన్న మచ్చలో ఒక్క కణము బ్రదికియున్నను, పొరపాటున పడిన రంధ్రము దానికి తలుపు తెరచును. దక్కిన ప్రాణమును చూపు తీరుకొరకు పణముగా పెట్టుటకు ఏ వైద్యుడు సాహసించును?

సంకోచము సడలిన విధము

ఈ నియమమును కొంత సడలించినది మెల్ల వైద్యులు కాదు, కణితి వైద్యులే. కంటిలోని జిగటద్రవములో తేలియాడు కణితి తునకలకు రక్తము ద్వారా మందు సరిగా అందదు. 2012లో స్విట్జర్లండునందలి మునియే, ఆయన సహచరులును మందును సూదితో కంటిలోనికే ఎక్కించు జాగ్రత్తయైన పద్ధతిని ప్రకటించిరి. ముందుగా కంటిలోని ఒత్తిడిని తగ్గింతురు. కణితి లేని చోటును పరికరముతో నిర్ధారణ చేసికొని అక్కడనే సూది పెట్టుదురు. సూది తీయునపుడు ఆ దారిని గడ్డకట్టించి, వెంటవచ్చు కణములను చంపుదురు. ఈ జాగ్రత్తలతో చేసినచో కణములు బయటికి వ్యాపించు ప్రమాదము మిక్కిలి స్వల్పమని అనుభవము తెలిపినది. ఎప్పుడును సూది పెట్టరాదను నియమము, ఎప్పుడు, ఎక్కడ, ఎట్లు పెట్టవచ్చునను వివేచనగా మారినది.

మెల్ల శస్త్రచికిత్సకును ఇదే వివేచన వర్తించును. మొదటి షరతు కాలము. కణితి అణగి, చాలకాలము కదలిక లేక యున్నదని కాన్సరు వైద్యుడు చెప్పిన పిమ్మటనే మెల్ల వైద్యుడు కత్తి పట్టవలెను. మత్తు ఇచ్చినపుడు మొదట నేత్రపటలము నంతటిని మరల పరీక్షింతురు. అనుమానము కలిగినచో శస్త్రచికిత్స ఆపివేయుదురు. రెండవ షరతు చోటు. కణితి మచ్చ ఏ దిక్కున నున్నదో చూచి, ఆ దిక్కు కండరమును సాధ్యమైనంతవరకు ముట్టకుండ ఉపాయము పన్నుదురు. మూడవది సూది. చదునైన అంచుగల సూదిని గోడపై పొరలో మాత్రమే నడపుదురు.

మరి రెండు దారులును కలవు. మెల్ల యనునది రెండు కన్నుల నడుమ కోణము గనుక, మంచికంటి కండరములను సవరించి కూడ ఆ కోణమును సరిచేయవచ్చును. అప్పుడు కణితి కంటిని తాకనక్కరలేదు. కాని బిడ్డకు చూపునిచ్చు కన్ను అదొక్కటియే. దానిపై కత్తి పెట్టించుటకు తల్లిదండ్రుల మనస్సు ఒప్పుకొనుట కష్టము. వైద్యుని మనస్సును అంతే. రెండవ దారి బొట్యులినము. చెడిన ఆహారములో పుట్టు సూక్ష్మజీవుల విషమిది. శాన్‌ఫ్రాన్సిస్కోలో అలాన్ స్కాట్ దీనిని అత్యల్పపరిమాణమున కంటికండరములోనికి ఎక్కించి, బిగిసిన కండరమును సడలించు చికిత్సను రూపొందించి, 1980లో ఫలితములు ప్రకటించెను. అమెరికా ప్రభుత్వము 1989లో అనుమతించినది. సూది కండరములోనికే గాని కనుగ్రుడ్డు గోడలోనికి పోదు. అయితే దాని బలము కొన్ని నెలలకు తగ్గును; గురి లేని కన్ను తిరిగి ప్రక్కకు జరుగవచ్చును.

కణితి అణగిన పిదప, పైన చెప్పిన జాగ్రత్తలతో చేసిన శస్త్రచికిత్సలను గూర్చి కొన్ని వైద్యకేంద్రములు తమ అనుభవములను ప్రకటించినవి. అవి ఆశాజనకములే. కాని రోగుల సంఖ్య చిన్నది. గురి లేని కన్ను కొన్ని ఏండ్లకు మరల తిరిగిన సందర్భములును కలవు. కాబట్టి ప్రతి బిడ్డకును ఒకే నియమము చెప్పుటకు వీలులేదు. కాన్సరు వైద్యుడు, మెల్ల వైద్యుడు, తల్లిదండ్రులు కూర్చుండి, ఆ బిడ్డ కంటిని బట్టి నిర్ణయింపవలసియున్నది.

ఉపాధ్యాయులకు ఒక మనవి

ఈ చరిత్రనుండి మనము గ్రహింపవలసిన విషయములు రెండు. మొదటిది: పసిబిడ్డ కన్ను ఎడతెగక తిరిగియున్నను, కంటిపాపలో తెల్లని మెరుపు కనబడినను ఒక్కవారమైన ఆలసింపక నేత్రవైద్యునికి చూపవలెను. చుక్కల మందు వేసి కంటిపాపను పెద్దదిగా చేసి, నేత్రపటలమును చూచుటకు కొద్దిసేపు చాలును. చాలమందికి కణితి లేదనియే తేలును. అప్పుడు కొందరికి కళ్లజోడుతోనే మెల్ల సరియగును. రెండవది: చికిత్స పొంది బడికి వచ్చిన బిడ్డను మంచికన్ను వైపున బల్లపలక కనబడునట్లు ముందు వరుసలో కూర్చుండబెట్టుడు. ఆ ఒక్క కంటికి దెబ్బతగులకుండ పగులని అద్దముల కళ్లజోడు పెట్టుకొనునట్లు చూడుడు. మారుపేర్లు పెట్టు పిల్లలకు ఈ కథ చెప్పుడు.

బెర్లినులోని బాలుని కండరము కోసిన నాటినుండి మెల్ల వైద్యము ఒక తప్పునుండి ఒక పాఠము నేర్చుచు వచ్చినది. మొదట కంటిని నడిమికి తెచ్చుట నేర్చినది. పిమ్మట దానిని అక్కడ నిలుపుట నేర్చినది. ఇప్పుడు ఎప్పుడు వేచియుండవలెనో నేర్చుకొనుచున్నది. మెల్లకన్ను అదృష్టమని మన పెద్దలనిరి. సకాలమున వైద్యుని కంటబడినచో ఆ మాట ఒక విధముగా నిజమే యగును. ఏలయన ఆ వంకరచూపే బిడ్డ ప్రాణమును కాపాడినదగును.